మూసిన కొట్టులో నలభై ఒక్క సంహితలు

నేను ఒక బైండు పుస్తకాన్ని. అచ్చాఫీసులో పుట్టినదాన్ని కాను, ఆ సంగతి ముందే ఒప్పుకుంటున్నాను. ఒక వారపత్రికలో ఇరవై ఆరు వారాలు వచ్చిన సస్పెన్స్ సీరియల్ పేజీలు చింపి, వరసగా పేర్చి, దారంతో కుట్టి, అట్ట వేసి, ఎర్ర కాలికో గుడ్డ అంటిస్తే నేనయ్యాను. నా లోపలి కథ పేరు ‘పన్నెండో తాళం’. నా వీపు మీద మాత్రం బంగారు రంగు అక్షరాలతో ‘ఆగమ సంహిత – 41’ అని ఉంటుంది. లోపల ఒకటి, పైన ఒకటి ఉన్నందుకు నన్ను తప్పుపట్టకండి. అలాంటి మనుషుల్ని మీరు రోజూ చూస్తూనే ఉంటారు, కనిపిస్తే నమస్కారం కూడా పెడుతుంటారు.

నా యజమాని వేదులపాడు కేశవస్వామి గుడి అర్చకులు పరాంకుశాచార్యులుగారు. అరవై దాటిన మనిషి. తిరునామం ఎప్పుడు చూసినా ఇప్పుడే దిద్దుకున్నట్టు ఉంటుంది. ధనుర్మాసంలో ముప్పై రోజులూ గుళ్ళో ప్రవచనం చెబుతారు. విషయం ఎక్కడ మొదలైనా సరే, వారానికి రెండుసార్లయినా నవలల దగ్గరికి వచ్చి ఆగుతుంది. “ఆ హత్యల పుస్తకాలేమిటమ్మా, ఆ సొరంగాలేమిటి, ఆ శవాలేమిటి! చదివి ఏం నేర్చుకుంటారు, పీకలు కొయ్యడమా?” అని గద్దిస్తే ఆడవాళ్ళు తలలు దించుకునేవారు. అలా గద్దించిన రోజు మధ్యాహ్నం ఆయన మా దగ్గరికి వచ్చి, ఏ సొరంగం దగ్గర ఆపారో ఆ పేజీ తీసేవారు.

ఆ జబ్బు ఆయనకు కుంకుమ పొట్లాలతో పట్టుకుంది. నాకన్నా ముందు పుట్టినవాళ్ళు చెప్పగా విన్నాను. వేదులపాడులో చదివేసిన వారపత్రికలు గుడికి ఇచ్చెయ్యడం అలవాటు. అర్చకులు వాటిని అరచేతి వెడల్పున చింపి, అందులో అమ్మవారి కుంకుమ పోసి పొట్లాలు కడతారు. పాతికేళ్ళ కిందట ఒక మధ్యాహ్నం ఆచార్యులుగారు అలా కడుతూ ఉండగా, చేతిలోని ముక్క మీద ఒక ఇన్‌స్పెక్టరు పాడుబడ్డ కోటలో మెట్లు దిగుతున్నాడు. పదమూడో మెట్టు మీద అతని బూటుకు మెత్తగా ఏదో తగిలింది. వంగి చూశాడు. అక్కడితో కాగితం చిరిగిపోయింది. ఆచార్యులుగారు అటూ ఇటూ చూసి, మిగిలిన కట్టంతా తిరగేశారు. అప్పటికే కట్టిన నలభై పొట్లాలూ ఒక్కొక్కటే విప్పారు. కుంకుమంతా తిరిగి పళ్ళెంలోకి వచ్చింది గాని, ఆ మెత్తటిదేమిటో తేలలేదు. మర్నాడు కరణంగారింటికి వెళ్ళి, “నిన్న మీరు పట్టుకెళ్ళిన పొట్లంలో చిన్న దోషం వచ్చిందమ్మా, ఇది తీసుకుని అది ఇవ్వండి” అని అడిగి తెచ్చుకున్నారు. ఆ మెత్తటిది పిల్లి. పిల్లే అయినా, ఆ రాత్రంతా తాను పడ్డ ఆరాటం ఆయనకు చాలా నచ్చింది.

అప్పటినుంచి వేదులపాడు కుంకుమ పొట్లాల మీద సీరియల్ పేజీ అన్నది కనిపించలేదు. ఊరివాళ్ళకు వంకాయ కూర చెయ్యడం, మోకాళ్ళ నొప్పుల తైలం, రాశిఫలాలు మాత్రమే దక్కాయి. సీరియల్ పేజీలన్నీ ఆచార్యులుగారి పంచె మడతలో చేరి, పూర్తయినప్పుడల్లా పక్క ఊళ్ళో బైండింగు చేసే దస్తగిరి దగ్గరికి వెళ్ళేవి. ‘ఆగమ సంహిత’ అని పేరు వెయ్యమని ఆయనే చెప్పారు. దస్తగిరికి చదువొచ్చు. కుట్టేటప్పుడు చదువుతాడు కూడా. ఒకసారి కట్ట చేతికిస్తూ, “ఈ సంహిత మా బాగుంది సామీ! ఆ డాక్టర్ని సంపింది తమ్ముడే అంటారా?” అని అడిగాడు. “నోరు మూసుకుని కుట్టవయ్యా” అన్నారు ఆచార్యులుగారు. మళ్ళీ గుమ్మం దాకా వెళ్ళి వెనక్కి తిరిగి, “తమ్ముడు కాదు, కాంపౌండరు” అన్నారు.

మమ్మల్ని దాచింది వాహన మంటపం వెనకున్న కొట్టులో. ఒకప్పుడు అందులో పాత గరుడ వాహనం ఉండేది. రెక్క విరిగాక దాన్ని మూలకు నెట్టి, గబ్బిలాలు దూరకుండా ఆచార్యులుగారి నాన్నగారు తలుపుకు తాళం వేశారు. అంతకు మించి దానికి చరిత్రేమీ లేదు. అయితే గుమ్మం పైకమ్మీ మీద ఏ శిల్పికి తోచిందో, చుట్టలు చుట్టుకున్న పాము బొమ్మ ఒకటి చెక్కి ఉంది. మావాళ్ళు నలుగురైదుగురు చేరిన కొత్తలో ఎవరో, “ఆ కొట్టు ఎందుకు తెరవరు స్వామీ?” అని అడిగారు. ఆచార్యులుగారు తడబడి, “పాముంటుందయ్యా” అన్నారు. నిజానికి అంతకు ముందు ఏడాది ఒక జెర్రిగొడ్డు దూరింది కూడా. ఆయన అన్నది ఆ ఒక్క ముక్కే. మిగతాదంతా ఊరు అంది. పాము కాస్తా పెద్ద పామైంది, పెద్ద పాము నాగబంధమైంది. నాగబంధం ఉందంటే వెనక రహస్యం ఉండి తీరాలి కదా! ఆచార్యులుగారు అవునన్లేదు, కాదన్లేదు. మధ్యాహ్నం గుడి తలుపులు వేశాక, కొట్టులో కిటికీ వెలుగున కూర్చుని, పాముకు పారాయణ జరుగుతోందని బయటివాళ్ళు అనుకునేలా నాలుగు శ్లోకాలు గట్టిగా చదివి, ఆ తరవాత నిశ్శబ్దంగా మమ్మల్ని చదువుకునేవారు. ఆయన నోరు విప్పకపోవడమే ఆయన చేసిన తప్పు. దాని ఫలితం పాతికేళ్ళకు వచ్చింది, అదీ నా వల్లే వచ్చింది.

ఇప్పుడు నన్ను కన్నతల్లి గురించి చెప్పాలి. ‘పన్నెండో తాళం’ రాసింది ‘దిగంత్’ అని పత్రికలో పడేది. ఆ దిగంత్ ఎవరో ప్యాంటూ షర్టూ వేసుకున్న కుర్రాడనుకునేవారు పాఠకులు. కథకు తన తల్లి ఎవరో తెలియకుండా ఉంటుందా? నాకు మొదటినుంచీ తెలుసు. ఆమె పేరు వకుళ. పరాంకుశాచార్యులుగారి సాక్షాత్తూ కోడలు.

మామగారు గుడికి, భర్త శేషాద్రి పక్క ఊరి హైస్కూలుకు వెళ్ళాక, వంటింటి గడప మీద కూర్చుని మోకాళ్ళ మీద అట్ట పెట్టుకుని రాసేది. శేషాద్రి తెలుగు మేష్టారు, దస్తూరీ ముత్యాలు. ఆయన సాఫు ప్రతి రాసి స్కూలు దగ్గరి పోస్టాఫీసులో వేసేవాడు. రచయితకు వచ్చే పత్రిక వారం వారం ఇంటికి వచ్చేది. మామగారు దాన్ని చూసి ముఖం చిట్లించేవారు. నెలకోసారి వకుళ ఆ పత్రికలన్నీ కట్ట కట్టి, “మావయ్యగారూ, పొట్లాలకి కాగితాలండీ” అని ఇచ్చేది. “ఆఁ, ఈ చెత్త దానికైనా పనికొస్తుంది” అని ఆయన అందుకునేవారు. అలా తల్లి చేతి మీదుగానే నా పేజీలన్నీ ఆయన చేతికి వెళ్ళాయి. ఒకరు రాస్తారని మరొకరికి తెలియదు, ఒకరు చదువుతారని మరొకరికి తెలియదు. ఒకే కప్పు కింద, ఒకే చారు పోసుకు తింటూ ఆరేళ్ళు గడిపారు. మనుషులు గుప్తనిధుల కోసం కొండలు ఎందుకు తవ్వుతారో నాకు అర్థం కాదు.

నా కథేమిటంటే, ఒక పాత గుడి. అందులో మూసిన కొట్టు, పైకమ్మీ మీద పాము. దండయాత్ర వచ్చినప్పుడు వేంగి రాజుగారు అసలు మూలవిరాట్టును ఆ కొట్టులో దాచి, గర్భగుడిలో నకలు నిలబెట్టారనీ, ఆ రహస్యం అర్చక వంశం ఒక్కదానికే తెలుసనీ, దాన్ని కనిపెట్టబోయిన చరిత్ర ప్రొఫెసరు గుళ్ళోనే హత్యకు గురయ్యాడనీ సాగుతుంది. అనుమానమంతా ముసలి అర్చకుడి మీద. దాన్ని ఎగదోసేది ఆ కథలోని గుడి కమిటీ ప్రెసిడెంటు. హంతకుడెవరో మాత్రం నన్నడగకండి. నాలో ఇరవై ఆరు వారాలే ఉన్నాయి. కథ ముప్పై ఏడు వారాలది, పేజీలు ఎక్కువైతే కుట్టు నిలవదని దస్తగిరి నన్ను మొదటి భాగంగా బైండు చేశాడు.

మూడో వారంలోనే ఆచార్యులుగారు తన గుడిని గుర్తుపట్టారు. ఆయన గుండె గుబేలుమన్న చప్పుడు నాకు వినపడింది. అయినా చదవడం ఆపలేదు. చెవిలో పెట్టుకునే పెన్సిలు తీసి నా అంచుల మీద రాసేవారు. ‘గరుడ వాహనం ఆ దిక్కుకు పెట్టరు. తప్పు.’ ‘శభాష్, ఇది నేను ఊహించలేదు.’ ‘ఈ కుర్రవాడికి ఆగమం ఎవరు చెప్పారో, బాగా చెప్పారు.’ అర్చకుడి మీద అనుమానం బలపడ్డ కొద్దీ రాతలో పెన్సిలు లోతుగా దిగేది. ‘ఇతను చేసి ఉండడు.’ ‘అన్యాయం.’ ఇరవై నాలుగో వారం అడుగున, ‘నలభై ఏళ్ళు స్వామిని కడిగి తుడిచిన చెయ్యి మనిషిని చంపదు’ అని రాసి, తరవాత చాలాసేపు నన్ను ఒళ్ళోనే పెట్టుకుని కూర్చున్నారు.

ఇక ఊరు గుర్తుపట్టడానికి మరికొన్ని వారాలు పట్టింది. పాము బొమ్మతో సహా గుమ్మం బొమ్మ పత్రికలో పడ్డ వారం వేదులపాడు అట్టుడికిపోయింది. ఎవరో తెలిసినవాడే రాశాడన్నారు. తెలియకుండా అంత కచ్చితంగా ఎలా రాస్తాడన్నారు. గుడి కమిటీ ప్రెసిడెంటు, రైసుమిల్లు వీరరాఘవయ్య, నలుగురిని వెంటబెట్టుకుని వచ్చాడు. “ఆచార్లుగారూ, మీరేమీ అనుకోబాకండి. ఏకాదశి నాడు కొట్టు తెరిపిద్దాం. ఉంటే ఉందని తేలుద్ది, లేకపోతే లేదని తేలుద్ది” అన్నాడు. అప్పటిదాకా ఎవరూ లోపలిదేమీ బయటికి తీసుకుపోకుండా ఇద్దరు మనుషుల్ని గుళ్ళో కాపలా కూర్చోబెట్టాడు. వాళ్ళు వాహన మంటపంలో సుద్దముక్కతో గళ్ళు గీసుకుని పులిజూదం ఆడుతూ కొట్టు తలుపు మీద ఒక కన్ను వేసి ఉంచేవారు.

ఆచార్యులుగారికి అన్నం సహించలేదు. తలుపు తెరిస్తే లోపల నలభై ఒక్క హత్యల పుస్తకాలు, అన్నింటి మీదా ఆగమ సంహిత అన్న పేరు. ప్రవచనాల్లో తిట్టిన తిట్లన్నీ తిరిగి తన ముఖాన పడతాయి. నవలలు దాచుకోవడానికి దేవుడి గుళ్ళో పామును పుట్టించాడంటారు. తాతల నాటినుంచి చేస్తున్న అర్చకత్వం చేతుల్లోంచి పోయినా అడిగే దిక్కు ఉండదు. తెరవకపోతేనా, గర్భగుడిలో ఉన్న స్వామి నకలన్న మాట అలాగే నిలిచిపోతుంది. తన పరువు దక్కాలంటే తలుపు మూసి ఉండాలి, స్వామి పరువు దక్కాలంటే తలుపు తెరవాలి. ఈ రెంటి మధ్యా ఆయన నలిగిపోతుంటే, నేను చూస్తూ ఉండడం తప్ప ఏం చెయ్యగలను?

చివరికి ఒక ఉపాయం తోచింది. మధ్యాహ్నం ఏకాంతం పేరుతో కొట్టులోకి ఎప్పటిలాగే వెళతారు కదా, పారాయణకు ఎవరూ అడ్డు చెప్పరు. నైవేద్యం పెట్టిన ఇత్తడి గిన్నె ఖాళీ అయ్యాక అందులో రెండు పుస్తకాలు పడుకోబెట్టి, పైన అరిటాకు కప్పి, మూత పెట్టి ఇంటికి పట్టుకెళ్ళడం. పులిజూదం వాళ్ళు లేచి దణ్ణం పెట్టి గిన్నెకు దారి ఇచ్చేవారు. మూడు రోజుల్లో ఆరుగురు ఇల్లు చేరి ఆయన పెట్టెలో పట్టుబట్టల అడుగున దాక్కున్నారు. ఏకాదశి ఇంకా ఐదు రోజులుంది. లెక్క వేసుకుంటే సగం కూడా దాటరు. నాలుగో రోజు నన్ను తీశారు. నేనొక్కదాన్నే బాగా లావు, గిన్నెలో నాకు జోడీ పట్టలేదు. పులిహోర వాసన నాకు ఇప్పటికీ వదల్లేదు.

ఆ రోజు ఆయన ఇంటి అరుగు ఎక్కుతుండగానే కాపలావాళ్ళలో ఒకడు పరుగెత్తుకొచ్చాడు. “సామీ, పూలమ్మే అచ్చమ్మ ధ్వజస్తంభం కాడ కూలబడింది. లేవట్లేదు, మిమ్మల్నే పిలవమంటంది” అన్నాడు. ఆచార్యులుగారు గిన్నెను వంటింటి గడప దగ్గర పెట్టి, ఉన్నపళంగా వెనక్కి తిరిగారు. గిన్నె సంగతి ఆయనకు గుర్తు లేదు. గుర్తుండే పరిస్థితి కాదది.

వకుళ గిన్నె కడగడానికి ఎత్తబోయి, బరువుకు ఆశ్చర్యపోయి మూత తీసింది. అరిటాకు తొలగించింది. నా వీపు మీద పేరు చదివి కళ్ళకద్దుకుంది పాపం. తరవాత తెరిచింది.

తను రాసిన మొదటి వాక్యం తనకే కనిపించేసరికి ఆమె గబగబా పేజీలు తిప్పింది. ఇన్నేళ్ళూ పొట్లాల మీద సీరియల్ పేజీ రాకపోవడం ఆమె గమనించకపోలేదు. అసహ్యంతో మామగారు వాటిని ఏరి ఏరి పొయ్యిలో పెడుతున్నారనుకుంది. ఇప్పుడు ఆ పేజీలన్నీ ఒక్కటి కూడా పోకుండా కుట్టి ఉన్నాయి. అంచుల మీద ఆయన దస్తూరీ. ‘శభాష్’ దగ్గర ఆమె నవ్వింది. ‘ఇతను చేసి ఉండడు’ దగ్గర నవ్వు ఆగింది. ఇరవై నాలుగో వారం అడుగున రాసినది చదివి, పైట చెంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడ్చింది. కొట్టులో ఏముందో, మామగారు వారం రోజులుగా అన్నం ఎందుకు తినడం లేదో ఆమెకు ఒక్కసారిగా అర్థమైంది. ఆయన్ని ఈ ఊబిలోకి నెట్టింది తన కలమే. ఏం చెయ్యాలో తోచక నన్ను గుండెలకు పొదువుకుని అలాగే కూర్చుంది.

గుళ్ళో జరిగింది నేను కళ్ళారా చూడలేదు. తరవాత అచ్చమ్మే పదిసార్లు చెప్పగా విన్నాను. ఆమె వీధి చివర పూలు కట్టుకుని బతికే ముసలామె. కేశవస్వామి తీర్థం పుచ్చుకోనిదే ముద్ద ముట్టదు, ముప్పై ఏళ్ళుగా అదే నియమం. అలాంటిది మూడు రోజులుగా గుడికి వస్తోంది, దూరంగా నిలబడుతోంది, తీర్థం పుచ్చుకోకుండా వెళ్ళిపోతోంది. అంటే మూడు రోజులుగా కడుపులో మెతుకు లేదు.

“ఏమిటమ్మా ఇది?” అని ఆచార్యులుగారు పక్కన చతికిలబడ్డారు.

“సామీ, నిజం చెప్పండి. లోపలున్నాయన అసలాయనేనా? అసలాయన ఆ కొట్లో చీకట్లో ఉంటే, ఈయన తీర్థం తాగి నేను అన్నం తినటం పాపం గదా? ఎవరికి దణ్ణం పెట్టాలో తెలవక పానం కొట్టుకుంటంది సామీ.”

“అసలాయనేనమ్మా. నా మాట నమ్ము.”

“మరి కొట్లో ఏముంది?”

ఆచార్యులుగారు కొట్టు వైపు చూశారట. ఆకలితో తూలుతున్న ఆ మనిషి ముఖం చూశారట. లేచి, తిన్నగా వెళ్ళి పెద్ద గంట తాడు పట్టుకుని మోగించడం మొదలుపెట్టారు.

మిట్టమధ్యాహ్నం గుడి గంట మోగితే వేదులపాడులో ఎవరింట్లో ఆగుతారు? వకుళ నన్ను కొంగులో చుట్టి పరుగు పెట్టింది. మేం వెళ్ళేసరికి వాహన మంటపం కిక్కిరిసిపోయింది. వీరరాఘవయ్య అన్నం చెయ్యి కడుక్కోకుండానే వచ్చాడు. ఆచార్యులుగారు కొట్టు ముందు నిలబడి ఉన్నారు, చేతిలో తాళంచెవి.

“ఏకాదశి దాకా ఎందుకు, ఇప్పుడే తెరుస్తాను. అందరూ చూడండి” అన్నారు. ఆయన గొంతు నాకు తెలిసిన గొంతులా లేదు.

ముందు వరసలో ఉన్నవాళ్ళు పాముకు భయపడి రెండడుగులు వెనక్కి వేశారు. ఆయన తలుపు నెట్టి పక్కకు జరిగారు. లోపలినుంచి పాత గాలి, దాని వెంట ఒక గబ్బిలం వచ్చాయి. ముందు ఒంటిరెక్క గరుడుడు కనిపించాడు. ఆ వెనక బల్ల మీద, వరసగా, ఎర్రటి వీపులతో మావాళ్ళు ముప్పై నలుగురు.

వీరరాఘవయ్య చెప్పులు లేని కాళ్ళను ఇంకోసారి తుడుచుకుని లోపలికి వెళ్ళాడు. “ఆగమ సంహితలు!” అని భక్తిగా ఒకదాన్ని ఎడమ చేత్తో ఎత్తి, తలకు తాకించుకుని, తెరిచి, అందరికీ వినపడేలా చదివాడు. “కారు కీచుమంటూ ఆగింది. లోపల డ్రైవరు లేడు.”

ఆయన ఇంకోటి తెరిచాడు, మరోటి తెరిచాడు.

“ఇదేందండీ ఆచార్లుగారూ?”

“నవలలయ్యా. నావే. పాతికేళ్ళుగా చదువుతున్నాను. మీకు వద్దని చెప్పి నేను చదువుకున్నాను, అది నా తప్పు. పాముందని ఒకసారి నోరుజారాను, మీరు నాగబంధమంటే దిద్దలేదు, అది ఇంకా పెద్ద తప్పు. ఏ శిక్ష వేస్తారో వెయ్యండి. కానీ స్వామికి దీంతో సంబంధం లేదు. లోపలున్నది మన స్వామే. ఇంకో స్వామి లేడు.” ఆయన చేతులు జోడించారు.

“ఆ కథ రాసింది నేనండీ” అన్న మాట వెనకనుంచి వచ్చింది. వకుళ జనాన్ని తోసుకుంటూ ముందుకు వచ్చి, నన్ను అందరికీ కనిపించేలా పైకెత్తింది. “దిగంత్ అంటే నేనే. కొట్టు చూసి కథ అల్లాను. రాజుగారూ లేరు, నకలు విగ్రహమూ లేదు, అంతా నా బుర్రలో పుట్టిందే. మావయ్యగారిని ఒక్క మాట అనకండి. అనాలంటే నన్ను అనండి.”

ఆచార్యులుగారు కోడలి ముఖం చూశారు, ఆమె చేతిలో నన్ను చూశారు, మళ్ళీ ఆమె ముఖం చూశారు. ఆ కాసేపూ ఊరు ఊరంతా ఉన్నా అక్కడ వాళ్ళిద్దరే ఉన్నట్టుంది. నేనైతే ఊపిరి బిగబట్టాను. నాకు ఊపిరి లేదన్న సంగతి అప్పుడు గుర్తు రాలేదు.

మొదట కదిలింది అచ్చమ్మ. స్తంభం పట్టుకుని నెమ్మదిగా వచ్చి కొట్టులోకి తొంగి చూసింది. మూలలన్నీ చూసింది. గరుడుడి వెనక కూడా చూసింది.

“అయితే ఇంకో సామి లేడన్నమాట.”

“లేడమ్మా.”

“హమ్మయ్య” అంది అచ్చమ్మ. ఆమె వెంట మంటపమంతా ఆ మాటే అంది. ముసలామె రెండు చేతులూ దోసిలి పట్టింది. “అయితే తీర్థం ఇయ్యండి సామీ. ఆకలేస్తంది.”

ఆచార్యులుగారు గర్భగుడిలోకి వెళ్ళి తీర్థం తెచ్చారు. ఆమె దోసిట్లో పోశారు. అచ్చమ్మ తాగి, మిగిలిన తడి తలకు రాసుకుంది. ఆ తరవాత చిన్నా పెద్దా అందరూ, ఏ పండుగా కాకపోయినా, వరసలో నిలబడి తీర్థం పుచ్చుకున్నారు.

ఇక వీరరాఘవయ్య మిగిలాడు. బల్ల దగ్గర నిలబడి గొంతు సవరించుకున్నాడు. అందరూ ఆయన వైపు తిరిగారు. “ఏమ్మా వకుళమ్మా,” అన్నాడు, “ఈ పన్నెండో తాళంలో పందొమ్మిదో వారం ఉందా? మా ఇంట్లో ఆ వారం పత్రిక పసిపిల్ల చించేసింది. మా ఆవిడ అప్పట్నుంచీ నన్ను సాధిస్తంది.” ముందు ఎవరో ఆడమనిషి నవ్వింది. తరవాత ఎవరిని ఎవరూ ఆపలేకపోయారు. పులిజూదం కాపలాదారుల్లో ఒకడు తనకు ఆరేళ్ళుగా తెలియని ఒక హంతకుడి పేరు కోసం అప్పుడే బల్ల మీద వెతకడం మొదలుపెట్టాడు.

ఇదంతా జరిగి చాలా ఏళ్ళయింది. ఆ కొట్టుకు సున్నం కొట్టి, రెండో కిటికీ పెట్టారు. మేమందరం అక్కడే ఉంటున్నాం. మధ్యాహ్నం నైవేద్యం అయ్యాక వచ్చి ఎవరైనా చదువుకోవచ్చు. పేర్లు మార్చిపెడతానని దస్తగిరి స్వయంగా వచ్చాడు గాని, అలవాటైపోయిన పేరు ఎందుకని ఊరే వద్దంది. వేదులపాడులో ఇప్పుడు “సంహిత ఎంతవరకు వచ్చింది?” అంటే ఎవరూ తప్పుగా అనుకోరు. నా అంచులు మెత్తబడ్డాయి, మధ్యలో కుట్టు వదులైంది, పందొమ్మిదో వారం దగ్గర ఎవరిదో కాఫీ మరక. నాకు కష్టంగా లేదు. చీకట్లో ఒక్క మనిషి కోసం బతికిన రోజులూ మంచివే గాని, గుండె దడ లేకుండా బల్ల మీద కూర్చుని ఉండడంలో సుఖం వేరు.

అయితే ఆ రోజు సాయంత్రం సంగతి చెప్పకుండా ముగిస్తే నాకు తృప్తి ఉండదు. గుడినుంచి వచ్చి ఆచార్యులుగారు అరుగు మీద కూర్చున్నారు. పక్కన నేను. వకుళ కాఫీ తెచ్చి పెట్టింది. ఇద్దరికీ ఎలా మొదలుపెట్టాలో తెలియలేదు. వారం తరవాత ఆయన కడుపునిండా భోంచేశారు, అది ముఖంలో తెలుస్తూనే ఉంది.

“అమ్మాయ్” అన్నారు చివరికి, వీధి వైపు చూస్తూ.

“చెప్పండి మావయ్యగారూ.”

“ఆ హత్య… అర్చకుడే చేశాడా?”

“చేశాడండీ” అంది వకుళ చిన్నగా. “ఇవాళ మధ్యాహ్నం దాకా ఆయనే చేశాడు. మీరు నవలల్ని తిట్టినప్పుడల్లా నాకు ఒళ్ళు మండి, ఆ ముసలాయన్నే ఇరికించాను. చివరి మూడు వారాలూ రాసి, రేపు పోస్టు చెయ్యమని మీ అబ్బాయి బల్ల మీద పెట్టాను. మీ పెన్సిలు రాతలు చదివాక… గుళ్ళోంచి రాగానే ఆ కాగితాలు తీసి పొయ్యిలో పెట్టేశానండీ.”

ఆచార్యులుగారు కళ్ళు మూసుకుని గుండెలనిండా ఊపిరి పీల్చి వదిలారు. స్వామి అసలాయనేనని ఊరంతా నమ్మినప్పుడు కూడా ఆయన అంత స్థిమితపడటం నేను చూడలేదు.

“మరి ఎవరు చేశారు?”

“అదే తోచడం లేదండీ. ఎల్లుండికల్లా పంపాలి. మీరేమంటారు?”

ఆయన కాఫీ గ్లాసు కింద పెట్టారు. చెవిలో పెన్సిలు తీసుకుని, నన్ను ఒళ్ళోకి లాక్కుని, కోడలిని దగ్గరికి జరగమన్నారు.

“ఆ కమిటీ ప్రెసిడెంటు మీద,” అన్నారు గొంతు తగ్గించి, “నాకు మొదట్నుంచీ అనుమానంగానే ఉందమ్మా.”